వేషం చూస్తే ఎవరో తెలియాలి

1981 వేసవిలో మా చిన్న మావయ్య కువైట్ నుంచి వచ్చాడు. కోనసీమలో ఆ రోజుల్లో కువైట్ పెట్టె తెరుస్తున్నారంటే వీధరుగు మీద చోటు చాలేది కాదు. సెంటు సీసాలు, చీరలు, టేప్ రికార్డరు అన్నీ బయటికొచ్చాక, గాజు గ్లాసులు పగలకుండా చుట్టిన కాగితాలు అడుగున మిగిలాయి. వాటిలో ఒక బొమ్మల పుస్తకం ఉంది. అట్ట సగం చిరిగిపోయింది. లోపల అక్షరాలు అరబ్బీ. మావయ్య అక్కడ డ్రైవరు. మాట్లాడ్డం వచ్చుగానీ చదవడం రాదు. నాకప్పుడు పదేళ్ళు.

మన అలవాటు ప్రకారం ఎడమ నుంచి తిరగేశాను. ఎగిరే మనిషి ముందు గెలిచాడు, ఆ తరవాత పోట్లాడాడు, చివర్న కళ్ళజోడు పెట్టుకుని ఆఫీసుకెళ్ళాడు. ఆ పుస్తకం కుడివైపు నుంచి మొదలవుతుందని రెండో రోజుకి గానీ తట్టలేదు. అటునుంచి తిప్పితే ఒక్క అక్షరం రాకుండానే కథంతా అర్థమైపోయింది. చొక్కా గుండీలు విప్పితే లోపల నీలం బట్ట, గుండె మీద గుర్తు, వీపు మీద ఎర్రగుడ్డ. ఇంకేం చెప్పాలి? బేరూత్‌లో 1964 నుంచి సూపర్‌మ్యాన్‌ని అరబ్బీలో అచ్చేసేవారనీ, అందులో కళ్ళజోడు పెట్టుకునే క్లార్క్ కెంట్ పేరు నబీల్ ఫౌజీ అనీ చాలా ఏళ్ళ తరవాత చదివి తెలుసుకున్నాను.

ఇప్పుడు నేను కొత్తపేట దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టార్ని. ఏటా జూన్‌లో కొత్త పిల్లలు వస్తారు, ఏటా అవే రెండు ప్రశ్నలు అడుగుతారు. "మాస్టారండీ, అందరికన్నా ఏ సూపర్‌హీరో డ్రెస్సు బాగుంటుందండీ?" "ముందు ఏ పుస్తకం చదవమంటారండీ?" సినిమాలు చూసి అడుగుతున్నారు, పుస్తకాలు చూడలేదు. సమాధానం విడివిడిగా చెప్పీ చెప్పీ, ఈసారి రాసిపెడదామనిపించింది.

మొదటి ప్రశ్నకి నా దగ్గరున్న సమాధానం నాన్నది. నాన్న కొత్తపేటలో నాటకాల డ్రెస్సులు కుట్టి అద్దెకిచ్చేవాడు. సంక్రాంతి నుంచి వేసవి దాకా చేతినిండా పని. రాజోలు వైపు నుంచీ అమలాపురం వైపు నుంచీ సైకిళ్ళ మీద వచ్చి ట్రంకుపెట్టెలు కట్టించుకుపోయేవారు. ముఖమల్ బట్ట, జరీ అంచులు, చమ్కీలు, అట్టముక్కల మీద బంగారు కాగితం అంటించిన భుజకీర్తులు, ఇల్లంతా అవే. కుట్టడం అయ్యాక నాన్న ఆ డ్రెస్సుని గుంజకి తగిలించి, నన్ను వీధి చివరికి పంపి, అక్కణ్ణుంచి అడిగేవాడు: "ఎవర్రా అది?" నేను కృష్ణుడనో అర్జునుడనో వెంటనే చెప్పాలి. తడబడితే మళ్ళీ విప్పేవాడు. "తాటాకు చాప మీద ఆఖరి వరసలో కూర్చున్న ముసలమ్మకి పద్యం మొదలెట్టక ముందే తెలియాలిరా ఎవరొచ్చారో" అనేవాడు.

పెట్రోమాక్స్ దీపం కింద ముదురు నీలం నల్లగా కనబడుతుంది, ముదురాకుపచ్చా నల్లగానే కనబడుతుంది. అందుకే నాన్న పచ్చి ఎరుపు, బంగారుపసుపు, నెమలికంఠం రంగు తప్ప వాడేవాడు కాదు. అమెరికాలో కామిక్స్ గీసినవాళ్ళకీ ఇదే చిక్కు. అప్పట్లో వాళ్ళ కాగితం నాసిరకం న్యూస్‌ప్రింటు, రంగులు నాలుగే. సన్నని ఛాయలు అద్దితే అచ్చులో మురికిగా వచ్చేవి. అందుకే పాత వీరుల్లో చాలామంది ఎరుపు, నీలం, పసుపు కట్టుకుని పుట్టారు. మిగిలిన ఊదా, ఆకుపచ్చ ఎక్కువగా దుర్మార్గుల వాటాకి పోయాయి. చూసేవాళ్ళకి అందడానికి చేసిన ఏర్పాటు అది.

మావయ్య తెచ్చిన పుస్తకం నాన్న కూడా చూశాడు. కథ పట్టించుకోలేదు, బట్టలు చూశాడు. "ఒంటికి అతుక్కున్న బట్ట వేస్తే మనిషి నాజూగ్గా కనబడతాడు గానీ రాజసం రాదు. ఆ వెనక ఎర్రగుడ్డ ఉంది చూశావా, అది తెచ్చింది రాజసం. ఇది కుట్టుపని ఎరిగినోడు వేసిన బొమ్మ" అన్నాడు. ఆ మాటలో ఎంత నిజముందో నాకు నలభై ఏళ్ళొచ్చాక తెలిసింది. సూపర్‌మ్యాన్ బొమ్మ వేసిన జో షుస్టర్ ఒక దర్జీ కొడుకు. కథ రాసిన జెర్రీ సీగెల్ తండ్రిది బట్టల కొట్టు. ఓహాయోలోని క్లీవ్‌లాండ్‌లో ఈ ఇద్దరు కుర్రాళ్ళు సృష్టించిన వీరుడు 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో అచ్చయ్యాడు. ఆ హక్కులు మొత్తం 130 డాలర్లకి అమ్మేసుకున్నారు. ఈ సంగతి చదివిన రోజు నాకు నాన్న గుర్తొచ్చి చాలాసేపు పుస్తకం ముట్టుకోలేకపోయాను.

పిల్లలు అడిగేది ఒకటుంది: "ప్యాంటు మీద లాగు ఏంటండీ?" ఆ రోజుల్లో సర్కస్‌లో బరువులెత్తే వస్తాదులు, కుస్తీ పట్టేవాళ్ళు అలాగే వేసుకునేవారు. బలవంతుడంటే జనం కళ్ళల్లో ఉన్న రూపం అదే కాబట్టి షుస్టర్ దాన్నే తీసుకున్నాడు. 2011లో ఆ ఎర్రలాగు తీసేశారు. నడుము దగ్గర అంతా నీలమైపోయి బొమ్మ రెండు ముక్కలుగా విడక, ఒకటే పొడుగాటి గుడ్డలా తయారైంది. 2018లో యాక్షన్ కామిక్స్ వెయ్యో సంచికకి మళ్ళీ తెచ్చిపెట్టారు. సరైన పని చేశారు. మన దేవుళ్ళ బొమ్మల్లో దట్టీ ఉండేదీ అందుకే.

దూరం నుంచి ఆనవాలు పట్టడమంటే ఏమిటో కోనసీమవాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. కనుమ నాడు మొసలపల్లి జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ళ రుద్రులు కలుస్తారు. వెదురు కట్టి, రంగుల గుడ్డలు చుట్టి, ఆకాశానికి నిలబెట్టిన ప్రభలు వరిచేల మధ్య నుంచి భుజాల మీద వస్తుంటే, గుడ్డ రంగు తెలియకముందే, మోసేవాళ్ళ మొహాలు కనబడకముందే, ఒంపు చూసి ఫలానా ఊరిదని చెప్పేసే పెద్దలున్నారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక నీళ్ళలోకి దిగి దాటుతున్నప్పుడు ఒడ్డున నిలబడ్డ వేలమందికి కనబడేది ఆ ఆకారం ఒక్కటే. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్రం శకటంగా వెళ్ళింది ఈ ప్రభల తీర్థమే.

తరగతిలో నేను అదే పరీక్ష పెడతాను. లోపల గీతలేవీ వద్దు, బొగ్గుముక్కతో నీడ మాత్రమే గీయమంటాను. మొహం లేదు, రంగు లేదు. మిగతావాళ్ళు పోల్చుకోవాలి. ఏటా అందరికన్నా ముందు దొరికిపోయేవాడు ఆంజనేయుడు. తోక, గద, ముందుకొచ్చిన మూతి, అంతే. ఆ తరవాత నెమలిపింఛంతో కృష్ణుడు. సూపర్‌హీరోల్లో బ్యాట్‌మ్యాన్ మొదట నెగ్గుతాడు. రెండు చెవులు, అంచులు గబ్బిలం రెక్కల్లా కోసిన వెనకగుడ్డ. 1939లో బాబ్ కేన్ మొదట గీసింది ఎర్రబట్టలు, గట్టి రెక్కలు. వాటిని తీయించి ఆ ముసుగునీ ఆ గుడ్డనీ చెప్పినవాడు రచయిత బిల్ ఫింగర్. ఆయన పేరు పుట్టించినవాళ్ళలో వేయడానికి 2015 దాకా పట్టింది. అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది.

నాకు అన్నిటికన్నా నచ్చిన డ్రెస్సు ఏదంటే స్పైడర్‌మ్యాన్‌ది. 1962లో స్టీవ్ డిట్కో గీశాడు. నీడ పరీక్షలో అది ఓడిపోతుంది, ఒంటికి అతుక్కున్న బట్టే కదా. కానీ డిట్కో చేసిన సాహసం మరొకటి. మొహం పూర్తిగా కప్పేశాడు. పెదవి కనబడదు, చర్మం రంగు కనబడదు. అంతవరకూ ఎక్కువమంది వీరులకి గడ్డం, నోరు బయటికే ఉండేవి. హావభావమంతా వంగిన నడుములో, చాచిన వేళ్ళలో చూపించాలి. కూచిపూడి నేర్చినవాళ్ళకి ఇది ఎంత కష్టమో తెలుస్తుంది. ముసుగు వెనక ఎవరైనా ఉండొచ్చు కాబట్టే రాజోలు పిల్లాడు కూడా అది తనే అనుకుంటాడు.

రంగు మార్చి బాగుపడ్డవాడు డేర్‌డెవిల్. 1964లో పసుపు, నలుపు, ఎరుపు కలగాపులగంగా వచ్చాడు. ఏడో సంచికలో వాలీ వుడ్ అనే చిత్రకారుడు ఒళ్ళంతా ఎరుపు చేసేశాడు. ఆ మనిషి అక్కణ్ణుంచే నిలబడ్డాడు. ఫాంటమ్ కథ దీనికి తిరగేసి ఉంటుంది. 1936లో లీ ఫాక్ ఊహించింది బూడిదరంగు. 1939లో పత్రికల్లో ఆదివారం రంగుల పేజీలు మొదలయ్యేసరికి ఊదారంగులో అచ్చయ్యాడు. అది ఇటలీలో ఎరుపైంది, స్వీడన్‌లో నీలమైంది. అయినా ఎక్కడా ఎవరూ పొరబడలేదు. ముసుగు, చారల లాగు, పుర్రె ఉంగరం, పక్కన తోడేలు ఉన్నాయి. ఆనవాలు గట్టిదైతే రంగు పోయినా మనిషి పోడు.

మన దేశపు వీరుల్లో నా ఓటు బహదూర్‌కి. ఇంద్రజాల్ కామిక్స్ 1964 నుంచి 1990 దాకా నడిచాయి. అందులో 1976లో ఆబిద్ సుర్తీ ఈ పాత్ర రాశాడు, గోవింద్ బ్రాహ్మణియా బొమ్మలేశాడు. బందిపోటు కొడుకు. ఊళ్ళని కాపాడుకోడానికి ఊరివాళ్ళతోనే దండు కడతాడు. వేషం ఏమిటంటే కాషాయం కుర్తా, నీలం జీన్సు ప్యాంటు. అంతే! బజార్లో దొరికే రెండు బట్టలు పక్కపక్కన పెట్టి వీరుణ్ణి చేశారు. రాజమండ్రి పాత పుస్తకాల బండి మీద ఆ పుస్తకం దొరికిన నాడు నేను నాన్నని అలాంటి కుర్తా కుట్టిపెట్టమని వారం రోజులు వేధించాను.

2004లో స్పైడర్‌మ్యాన్‌కి పంచె కట్టారు. పవిత్ర్ ప్రభాకర్ అనే ముంబై కుర్రాడు, నాలుగు సంచికలు, బొమ్మలు జీవన్ కాంగ్. గోడల మీద పాకేవాడికి పంచె అడ్డం కదా అని నవ్వినవాళ్ళున్నారు. నేనొప్పుకోను. గోచీ బిగించి కట్టిన పంచెతో మా దింపు కార్మికులు రోజుకి ఎన్ని కొబ్బరిచెట్లు ఎక్కుతారో చూస్తే ఆ మాట అనరు. అమలాపురం దసరాకి చెడీ తాలింఖానాలో కర్రలూ కత్తులూ తిప్పే కుర్రాళ్ళని చూసినా తెలుస్తుంది, నడుముకి బిగించిన గుడ్డ ఒంటి వేగాన్ని ఎలా పెంచి చూపిస్తుందో. ఎగిరేటప్పుడు బొమ్మలో గాలి కనబడాలంటే వదులుగా ఉన్న గుడ్డ ఒకటి కావాలి. పంచె ఆ పని చేసింది. ఆ కథ మాత్రం ఆ డ్రెస్సంత బాగుండదు.

ఇద్దరు మనుషులు ఒకే ఒంట్లో ఉండడం, అదే క్లార్క్ కెంటూ సూపర్‌మ్యానూ, పిల్లలకి ఎలా చెప్పాలా అని మొదట్లో ఆలోచించేవాణ్ణి. తరవాత వాళ్ళని ర్యాలి తీసుకెళ్ళాను. జగన్మోహినీ కేశవస్వామి గుళ్ళో విగ్రహం ఒకటే రాయి. ముందు నుంచి విష్ణుమూర్తి, వెనక్కి వెళ్తే మోహిని. అర్చకులు దీపం తిప్పి చూపిస్తుంటే సిగ దగ్గర శిల్పి ఉలి ఎంత సున్నితంగా నడిచిందో కనబడుతుంది. ఏ వైపు రూపం ఆ వైపు సంపూర్ణం, ఒకటి రెండోదాన్ని పాడుచేయదు. రెండు వేషాల కిటుకు అంతా అందులోనే ఉంది. ఆ రోజు పిల్లలు బడికొచ్చి గీసిన బొమ్మలు ఇంకా దాచాను.

ఇక రెండో ప్రశ్న. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. అట్ట మీద వీరుడి పేరు చూసి కొంటారు. అమెరికాలో ఆ వీరులు కంపెనీల సొత్తు. ఎనభై ఏళ్ళకి పైగా వందలమంది రాశారు, గీశారు. కొన్ని గొప్పవి, కొన్ని నాసి. ఒక రచయితా ఒక చిత్రకారుడూ కలిసి వరసగా కొన్ని సంచికలు చేస్తే దాన్ని అక్కడ రన్ అంటారు. కొనాల్సింది ఆ రన్‌ని. మనకిది కొత్త సంగతి కాదు. తిరుపతి వేంకట కవుల రాయబారం ఒకటే, పద్యాలు అవే. పీసపాటి వారు కృష్ణుడైతే ఒక నాటకం, షణ్ముఖి వారు కృష్ణుడైతే ఇంకో నాటకం. జనం 'ఎవరు వేస్తున్నారు?' అని అడిగే బండెక్కేవారు.

అందుకని నా జాబితాలో మొదటి రన్ అమెరికాది కాదు, మద్రాసుది. 1954లో చందమామలో 'తోకచుక్క' మొదలైంది. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం, బొమ్మలేసింది చిత్ర. అక్కణ్ణుంచి 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'యక్షపర్వతం' అంటూ 1978లో చిత్ర పోయేదాకా ఆ జంట నడిచింది. ప్రపంచంలో ఎక్కడ చూసినా ఇంతకాలం కలిసి పనిచేసిన జంటలు తక్కువ. అమెరికాలో ఎక్స్‌మెన్‌ని క్రిస్ క్లేర్‌మాంట్ 1975 నుంచి 1991 దాకా రాశాడని గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. కానీ బొమ్మలేసేవాళ్ళు మధ్యలో మారుతూ వచ్చారు. మన సీరియళ్ళకి రచయిత పేరే వేసేవారు కాదు. లక్షలమంది చదివారు, రాసిందెవరో ఎరగరు.

వేషాల సంగతి చూడండి. 'తోకచుక్క'లో ఇద్దరు మాంత్రికులు, ఒకడు ఏకాక్షి, ఒకడు చతుర్నేత్రుడు. ఒక్క కన్ను, నాలుగు కళ్ళు! పేరులోనే వేషం ఉంది. పిల్లాడు పలక మీద గీయగలడు. ఇలాంటి ఊహ డిట్కోకి తట్టినా గర్వపడేవాడు. చందమామలోనే శంకర్ గీసిన విక్రమార్కుడు కూడా అంతే. దూసిన కత్తి, భుజం మీద శవం, శ్మశానం. ఆ బొమ్మ ఒక్కసారి చూసినవాళ్ళు మరిచిపోరు. శంకర్ 2020లో పోయారు, 2021లో పద్మశ్రీ ఇచ్చారు.

ఆ తరవాత స్పైడర్‌మ్యాన్ మొదటి 38 సంచికలు. స్టాన్ లీ మాటలు, డిట్కో బొమ్మలు, 1963 నుంచి 1966 వరకు. పదేళ్ళు దాటిన పిల్లలెవరికైనా ఇవ్వొచ్చు. వాటిలో 33వ సంచిక దగ్గర ఆగండి. పెద్ద యంత్రం మీద పడి నీళ్ళు కారుతుండగా, పెద్దమ్మకి మందు చేర్చాలన్న పట్టుదలతో కుర్రాడు దాన్ని ఎత్తుతాడు. అది ఒక్క బొమ్మలో అయిపోదు, పేజీలు పేజీలు నడుస్తుంది. గడులు పెద్దవవుతూ పోతాయి. బరువు మన వీపు మీద తెలుస్తుంది. ఏటా తొమ్మిదో తరగతికి నేను ఆ పేజీలు చూపిస్తాను.

ఆడపిల్లలున్న ఇంట్లో 2014లో మొదలైన మిస్ మార్వెల్ పెట్టండి. కమలా ఖాన్, పదహారేళ్ళ పాకిస్తానీ అమెరికన్ పిల్ల. రాసింది జి. విల్లో విల్సన్, బొమ్మలు ఎక్కువగా అడ్రియన్ అల్ఫోనా. ఒళ్ళు కప్పే ఈతదుస్తుల మీదే ఆ పిల్ల తన డ్రెస్సు తయారుచేసుకుంటుంది, మెడకి చున్నీలా ఎర్రగుడ్డ. పిల్ల తనకి తాను కుట్టుకున్నట్టే ఉంటుంది, ఎవరో మగవాడు చూడ్డానికి గీసినట్టు ఉండదు. అమ్మానాన్నల ఆంక్షలు, ఇంటి తిండి, బడిలో ఇబ్బంది, అన్నీ మన ఇంటి గొడవలే. గల్ఫ్‌లో పెరిగి సెలవులకి రాజోలు వచ్చే పిల్లలు ఇది విడవకుండా చదవడం నేను చూశాను.

సూపర్‌మ్యాన్ ఒక్కటే పుస్తకం అంటే గ్రాంట్ మోరిసన్, ఫ్రాంక్ క్వైట్లీ చేసిన ఆల్‌స్టార్ సూపర్‌మ్యాన్, 12 సంచికలు, 2008లో పూర్తయింది. చావు దగ్గరపడిందని తెలిసిన బలవంతుడు మిగిలిన రోజుల్లో ఏం చేస్తాడన్నది కథ. క్వైట్లీ గీసిన క్లార్క్ కెంట్‌ని చూడండి. వంగిన భుజాలు, వదులు కోటు, నిలబడే తీరు మార్చి మనిషినే మార్చేశాడు. ర్యాలి శిల్పి చేసిన పని ఇదే. ఫ్రాంక్ మిల్లర్, డేవిడ్ మజుకెల్లీల బ్యాట్‌మ్యాన్ ఇయర్ వన్, 1987, నాలుగే సంచికలు, చాలా గట్టి పని. కానీ చిన్నపిల్లలకి వద్దు. పదో తరగతి దాటాక ఇవ్వండి.

తెలుగులో సూపర్‌హీరో లేడా అంటే 1980లోనే ఎన్టీఆర్ 'సూపర్‌మ్యాన్' వచ్చింది, శక్తి ఇచ్చింది ఆంజనేయుడు. 2024లో 'హనుమాన్' వచ్చింది, అందులోనూ ఆంజనేయుడే. ఆ సినిమాలో నాకు నచ్చిన ఊహ ఏమిటంటే, ఖరీదైన సూటు వేసుకుని వీరుణ్ణనిపించుకోవాలని తపించేది విలన్. శక్తి వచ్చింది మాత్రం పల్లెటూరి కుర్రాడికి. బొమ్మల పుస్తకంలో మాత్రం మనవాడంటూ ఇంకా నిలబడలేదు. గీసే చేతులు లేక కాదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారబ్బాయి బుజ్జాయి 'డుంబు' గీసిన భాష మనది. రాజోలు వైపు నుంచి వశిష్ఠ దాటితే నరసాపురం, బాపు పుట్టిన ఊరు. వారం వారం అచ్చేసే చోటు లేదు, అదే కొరత.

మావయ్య తెచ్చిన ఆ అరబ్బీ పుస్తకం, అమ్మ కుట్టించిన చందమామ బైండ్లు, నాన్న నాటకాల పెట్టెలు అన్నీ 1996 నవంబరు తుఫానులో పోయాయి. పెంకులు ఎగిరిపోయి రాత్రంతా వాన ఇంట్లోనే కురిసింది. తెల్లారి చూస్తే ముఖమల్ రంగంతా కాగితాల మీదికి దిగింది.

చందమామ ఆగిపోయి పన్నెండేళ్ళు దాటింది. మీ ఇంట్లో అటక మీద పాత బైండ్లున్నా, గల్ఫ్ నుంచి ఎవరో తెచ్చిన బొమ్మల పుస్తకాలున్నా, అవి ఏ భాషవైనా సరే, పాత కాగితాల వాడికి వెయ్యకండి. మీ ఊరి హైస్కూలు లైబ్రరీకి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు డ్రాయింగు మాస్టారికి ఒకసారి చూపించండి.